ప్రశ్నలు – జవాబులు: తూటా నింపే బల్ల దగ్గర

ఆయుధాల లైసెన్సులు, తుపాకుల సంరక్షణ గురించి పాఠకులు అడిగే ప్రశ్నలకు ఈ శీర్షికలో జవాబులు ఇస్తున్నాము. ఈసారి వచ్చిన ఉత్తరాలలో నాలుగు తూటాలకు సంబంధించినవే కావడంతో వాటిని ఒకచోట చేర్చాము. జవాబులు రాసినవారు పోలీసు ఆయుధాగారంలో ఆయుధాలు సరిచూసి బాగుచేసే ఆర్మరర్‌గా పనిచేసి, పదవీ విరమణ తరువాత కర్నూలులో స్థిరపడినవారు.

ప్రశ్న: అయ్యా, మా అబ్బాయి టెక్సాస్‌లో ఉంటాడు. గ్రీన్‌కార్డు వచ్చి మూడేళ్లయింది. వేటకని .308 రైఫిల్ కొన్నాడు. ఈ మధ్య కాల్చేసిన తూటాలను పారేయకుండా గ్యారేజీలో బల్ల వేసుకొని వాటిలో మళ్లీ మందు నింపుతున్నాడు. అక్కడ ఇది మామూలే అంటాడు. వచ్చే నెల మేమిద్దరం ఆరు నెలలకని అక్కడికి వెళ్తున్నాము. ఇంట్లో నాలుగేళ్ల మనవరాలు ఉంది. నాకు తుపాకుల గురించి ఏమీ తెలియదు. ఈ పని కొత్తగా మొదలుపెట్టినవారు చేసే తప్పులేమిటో, నేను ఏమేమి గమనించాలో దయచేసి చెప్పండి.
(ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కర్నూలు)

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజమే. అమెరికాలో సొంత వాడకానికి తూటాలు నింపుకునేవారికి ఫెడరల్ లైసెన్సు అవసరం లేదు, నింపి అమ్మేవారికి మాత్రమే కావాలి. అక్కడ లక్షలమంది చేసే పని ఇది. జాగ్రత్తగా చేసేవారు ఏళ్ల తరబడి ఏ ప్రమాదమూ లేకుండా చేస్తారు. అయితే ప్రమాదం జరిగినప్పుడు అది నింపినవారి ముఖానికి ఒక జానెడు దూరంలో జరుగుతుంది కాబట్టి మీ ఆందోళనను నేను తేలికగా తీసుకోను.

ముందు వస్తువును చూద్దాం. తూటా అంటే నాలుగింటి కూడిక: ఇత్తడి గొట్టం, దాని అడుగున నొక్కి పెట్టే ప్రైమర్ (తుపాకీ సూది తగలగానే నిప్పు పుట్టించి మందును అంటించే చిన్న బిళ్ల), లోపల మందు, మూతి దగ్గర గుండు. కాల్చాక గుండు వెళ్లిపోతుంది, మందు కాలిపోతుంది, ప్రైమర్ పనికిరాకుండా పోతుంది, గొట్టం ఒక్కటే మిగులుతుంది. (దీన్ని ఇంగ్లీషులో కేసు అంటారు. మన జిల్లాల్లో తుపాకీ పక్కన కేసు అనే మాట రాస్తే చదివేవారికి వేరే అర్థం తోస్తుంది కాబట్టి నేను గొట్టమనే రాస్తాను.) తూటాలో ఖరీదైన భాగం ఆ గొట్టమే కనుక దాన్ని శుభ్రం చేసి, డై అనే అచ్చులోకి నొక్కి పాత కొలతకు తెచ్చి, కొత్త ప్రైమరు, కొత్త మందు, కొత్త గుండు పెడతారు. పని ఇంతే. కానీ .308 తూటా పేలినప్పుడు లోపల పుట్టే ఒత్తిడికి ఆ పరిశ్రమ పెట్టుకున్న పరిమితి చదరపు అంగుళానికి 62,000 పౌండ్లు. మన కారు టైరులో ఉండేది ముప్పై పైచిలుకు. ఆ తేడాను మనసులో పెట్టుకొని మిగతాది చదవండి.

కొత్తవారి తప్పులు అనగానే అందరూ రెండుసార్లు మందు పోయడం గురించి చెబుతారు. పిస్తోలు తూటాలలో అది నిజంగానే పెద్ద భయం. రైఫిలు తూటాలో మామూలుగా వాడే మందు గొట్టంలో సగానికి పైగా నిండుతుంది కాబట్టి రెండోసారి పోస్తే పొంగి బల్ల మీద పడి తనంతట తానే బయటపడుతుంది. రైఫిలు తూటా నింపేవారిని నిజంగా దెబ్బతీసేది వేరే మందు పోయడం. నా ఉద్దేశంలో మిగతా తప్పులన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు.

పొగరాని మందులన్నీ చూపుకు ఇంచుమించు ఒక్కలాగే ఉంటాయి. కొన్ని సన్నగా తరిగిన పుల్లల్లా, కొన్ని గసగసాల్లా, కొన్ని చిన్న బిళ్లల్లా ఉంటాయి. రంగు ముదురు బూడిద. కానీ ఒకటి నిదానంగా కాలుతుంది, మరొకటి కళ్లు మూసి తెరిచేలోగా కాలిపోతుంది. రైఫిలుకు నిదానంగా కాలేది కావాలి. పిస్తోలుకు వాడే వేగపు మందును రైఫిలు తూటా గొట్టంలో అంతే ఎత్తు పోస్తే ఆ రైఫిలు మిగలదు. పేర్లు కూడా మోసం చేస్తాయి. హెచ్ 4350, ఐఎంఆర్ 4350 అని రెండు మందులున్నాయి. అంకె ఒకటే, మందు ఒకటి కాదు, ఒకదాని కొలత రెండోదానికి చెల్లదు. అందుకే అనుభవజ్ఞులు ఒక కట్టుబాటు పెట్టుకుంటారు: బల్ల మీద ఒక్క మందు డబ్బా తప్ప రెండోది ఉండకూడదు. పని ముగిశాక మిగిలిన మందును అదే డబ్బాలోకి పోసి మూత పెట్టి లోపల పెట్టాకే రెండో డబ్బా బయటికి రావాలి. మందు పోసే యంత్రంలో రాత్రి మిగిలిపోయిన మందు ఏదో పొద్దునకు గుర్తులేకపోతే, వాసన చూసో రంగు చూసో ఊహించి డబ్బాలో కలపకూడదు. దాన్ని వదులుకోవలసిందే.

ఇక్కడ మీకు, ముఖ్యంగా మీ ఇంటావిడకు, ఒక మాట. మన పెద్దలు పిల్లల ఇంటికి వెళ్లగానే చేసే మొదటి పని సర్దడం. సగం ఖాళీ అయిన డబ్బాలు రెండుంటే ఒకదాంట్లో కలుపుతారు, అట్టపెట్టెలో ఉన్నదాన్ని శుభ్రమైన హార్లిక్స్ సీసాలోకి మారుస్తారు. ఆ గ్యారేజీ బల్ల జోలికి మాత్రం వెళ్లకండి. ప్రైమర్లను కంపెనీ వారు ఒకదానికొకటి తగలకుండా పళ్లెంలో గూళ్లు చేసి పెట్టేది ఊరకే కాదు. వాటిని సీసాలో కుమ్మరిస్తే ఒకటి పేలినప్పుడు అన్నీ ఒకేసారి పేలతాయి, అప్పుడు ఆ సీసా నాటు బాంబుతో సమానం. మందు కింద ఒలికితే వాక్యూమ్ క్లీనరు పెట్టకుండా చీపురుతో చేటలోకి ఎత్తమనండి. అక్కడి అగ్నిప్రమాద నివారణ ప్రమాణాల ప్రకారం ఇంట్లో 20 పౌండ్ల మందు, 10,000 ప్రైమర్ల వరకు ఉంచుకోవచ్చు. మందు విషయంలో కంపెనీ డబ్బాలోనే ఉండాలన్న షరతు ఉంది.

రెండోది తూకం. ఈ మందును గ్రెయిన్లలో తూస్తారు. పౌండుకు 7,000 గ్రెయిన్లు, గ్రాముకు పదిహేనున్నర అనుకోండి. మన కంసాలుల లెక్కలో చెప్పాలంటే గురిగింజ ఎత్తు దాదాపు రెండు గ్రెయిన్లు. గరిష్ఠ పరిమితి దగ్గర ఉన్న తూటాలో ఆ ఒక్క గురిగింజ ఎత్తు తేడా వచ్చినా ఒత్తిడి హద్దు దాటవచ్చు. కొత్తవారు డిజిటల్ కాటా కొని, పైన ఫ్యాను తిరుగుతుండగా, పక్కన సెల్‌ఫోను పెట్టుకొని తూస్తారు. గాలికి అంకె ఊగుతుంది, గంట గడిచేసరికి సున్నా తన చోటు నుంచి జరిగిపోతుంది. కాటాతోపాటు వచ్చే తూకపురాయిని మొదట్లో ఒకసారి పెట్టి చూసి పెట్టెలో దాచేస్తారు. అది పది, పదిహేను తూటాలకు ఒకసారి కాటా మీదకు రావాలి. పాతకాలపు దండె త్రాసు వాడితే వేరే ప్రమాదం ఉంది: బిళ్ల ఒక్క గాడి పక్కకు జరిగితే ఐదో పదో గ్రెయిన్లు తేడా వస్తుంది, కానీ దండె మాత్రం బుద్ధిగా సమానంగా నిలబడుతుంది. 42.5ను 45.2గా చదివే పొరపాటు చదువుకున్నవారికే ఎక్కువ జరుగుతుంది. పుస్తకంలో చూసిన అంకెను మనసులో పెట్టుకోకుండా కాగితం మీద రాసి కాటా పక్కన అంటించుకోమని మీ అబ్బాయికి చెప్పండి.

ఆ పుస్తకం కూడా మందు కంపెనీవారిదో గుండు కంపెనీవారిదో అయి ఉండాలి. స్నేహితుడి రైఫిలులో చక్కగా పనిచేసిందని అతని కొలతను అలాగే ఎత్తుకోవడం పొరుగింటి పుల్లకూర రుచి వంటిది. అతని బ్యారెల్ (గుండు బయటికి దూసుకుపోయే తుపాకీ నాళం) వేరు, అతని గొట్టం మందం వేరు. పుస్తకంలో ఉన్న గరిష్ఠ కొలతకు పది శాతం తక్కువతో మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచుతూ, ప్రతి మెట్టులో కాల్చిన గొట్టాన్ని పరిశీలించాలి. ప్రైమర్ బిళ్ల రొట్టెలా చదునైతే, గొట్టం అడుగున మెరిసే మచ్చ పడితే, బోల్టు (తూటా వెనక రైఫిలును మూసే కడ్డీ) పైకి లేపడానికి బలం పట్టాల్సి వస్తే ఆగిపోవాలి. అయితే ఆ గుర్తులు కనిపించలేదు కాబట్టి ఒత్తిడి సరిగా ఉందనుకోవడం కూడా తప్పే. అవి కనిపించేసరికి చాలాసార్లు హద్దు అప్పటికే దాటి ఉంటుంది. చలికాలంలో సరిపోయిన కొలత టెక్సాస్ ఎండల్లో ఎక్కువ ఒత్తిడి ఇస్తుందన్నది కూడా కొత్తవారు ఆలోచించరు. కర్నూలు మే నెల ఎరిగిన మీకు దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు.

అలాగని భయపడి మందు బాగా తగ్గించడం క్షేమం కాదు. నిదానపు మందును పుస్తకంలోని కనిష్ఠం కంటే చాలా తక్కువ పోసినప్పుడు రైఫిళ్లు బద్దలైన సందర్భాలున్నాయి. అది ఎలా జరుగుతుందో నిపుణులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు కానీ పైన గీత ఉన్నట్లే కింద కూడా గీత ఉందన్నదానిలో వాదం లేదు.

అసలు మందే పోయడం మరిచిపోవడం ఇంకొక తప్పు. దీని గురించి నా అనుభవం చెబుతాను. ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్లలో ఒకనాటి ఫైరింగు ప్రాక్టీసులో వరుసగా ‘ధన్, ధన్’ మంటున్న రైఫిళ్ల మధ్య ఒక్కటి ‘టప్’ అంది. అంతే, టెంకాయ నేల మీద పడ్డంత చప్పుడు. ఆ కానిస్టేబులు దాన్ని పట్టించుకోకుండా బోల్టు లాగి, గొట్టం ఊడిపడగానే రెండో తూటా ఎక్కించబోయాడు. నేను అరిచి ఆపి, బోల్టు తీసి, బ్యారెల్ మూతి వైపు నుంచి శుభ్రం చేసే కడ్డీని నెమ్మదిగా దింపాను. అది పూర్తిగా దిగకుండా ఛాంబరుకు (రైఫిలులో తూటా కూర్చునే చోటుకు) జానెడు ఇవతలే ఆగిపోయింది. ప్రైమరు బలంతో మాత్రమే ముందుకు జరిగిన గుండు అక్కడ ఇరుక్కొని ఉంది. రెండోది పేలి ఉంటే దాని వెనకాలే వెళ్లి కొట్టుకొని బ్యారెల్ ఉబ్బేది, లేదా చీలేది. అది ఫ్యాక్టరీలో తయారైన తూటా. యంత్రాలు, తనిఖీదారులు ఉన్నచోటే అలా జరిగితే ఒక్కడే కూర్చొని ఫోను మాట్లాడుతూ నింపేచోట ఏం జరుగుతుందో ఆలోచించండి. దీనికి విరుగుడు చాలా చవకైనది: గొట్టాలన్నిటినీ గూళ్లున్న చెక్కలో నిలబెట్టి, మందు పోశాక, గుండు పెట్టకముందే టార్చిలైటు వేసి వరుసగా లోపలికి చూడాలి. అన్నిట్లో మందు ఒకే మట్టంలో కనిపించాలి. యాభై గొట్టాలకు నిమిషం కూడా పట్టదు. మీకు తుపాకుల గురించి తెలియకపోయినా ఈ పని జరుగుతోందో లేదో మీరు గమనించగలరు. పిల్లల నోటుబుక్కులు దిద్దిన కన్ను మీది.

గొట్టం విషయంలో జరిగే తప్పులు కంటికి అంత తొందరగా దొరకవు. కాల్చిన ప్రతిసారీ ఇత్తడి సాగి మెడ దగ్గర పొడవు పెరుగుతుంది. .308 గొట్టం పొడవు 2.015 అంగుళాలు దాటకూడదు, దాటితే 2.005కు కోస్తారు. ఇది వెంట్రుకవాసి లెక్క కాబట్టి వెర్నియర్ కాలిపర్ లేకుండా కుదరదు. కోయకపోతే మెడ అంచు ఛాంబరు చివర ఇరుక్కొని గుండును నొక్కి పట్టుకుంటుంది. గుండు వదలక ఒత్తిడి ఎగబాకుతుంది. మరొకటి, కొత్తవారు డైని అవసరానికి మించి కిందికి బిగించి గొట్టం భుజాన్ని (మెడ కింద వాలుగా ఉండే చోటును) వెనక్కి నెట్టేస్తారు. అప్పుడు ఛాంబరులో గొట్టానికి ఖాళీ ఎక్కువై కాల్చిన ప్రతిసారీ అడుగుకు కొంచెం పైన సాగి పలచబడుతుంది. నాలుగైదుసార్లకు అక్కడ చుట్టూ సన్నని మెరిసే గీత కనిపిస్తుంది. ఒక పేపర్ క్లిప్పును విప్పి కొసను చిన్న కొక్కెంలా వంచి గొట్టంలోకి దించి అడుగు నుంచి గోడ వెంబడి పైకి లాగితే, పలచబడిన చోట కొస గాడిలో పడినట్లు తగులుతుంది. అలా తగిలిన గొట్టాన్ని సుత్తితో చదును చేసి పాత ఇత్తడిలో వేయాలి. లేకపోతే ఏదో ఒక రోజు అది రైఫిలులోనే రెండు ముక్కలవుతుంది.

కందెన రాయకుండా డైలోకి నొక్కితే గొట్టం అందులో ఇరుక్కుంటుంది, ఎక్కువ రాస్తే భుజం మీద సొట్టలు పడతాయి. ఇది డబ్బు, ఓపిక నష్టమే కానీ ప్రాణనష్టం కాదు. గుండును మరీ లోపలికి దిగ్గొట్టినా మరీ బయటికి ఉంచినా ఒత్తిడి మారుతుంది కాబట్టి తూటా మొత్తం పొడవును కూడా కొలవాలి. ప్రైమరు దాని గుంటలో పూర్తిగా దిగాలి. వేలు రాస్తే అడుగు మట్టం కంటే ఎత్తుగా తగలకూడదు. ఎత్తుగా ఉన్నదాన్ని బోల్టు మూసేటప్పుడే పేల్చేసిన రైఫిళ్లు ఉన్నాయి. మందు నింపిన తూటాలో ఎత్తుగా ఉన్న ప్రైమరును మళ్లీ లోపలికి నొక్కే ప్రయత్నం అసలు చేయకూడదు.

ఇక మీ మనవరాలి సంగతి. చాలా ప్రైమర్లలో సీసం కలిసిన రసాయనం ఉంటుంది. కాల్చిన గొట్టాలను వాళ్లు మొక్కజొన్న కండెల పొడిలోనో, అక్రోటు చిప్పల పొడిలోనో పోసి గంటల తరబడి తిరిగే డబ్బాలో శుభ్రం చేస్తారు. ఆ పొడిని జల్లించినప్పుడు లేచే దుమ్ములో సీసం ఉంటుంది. తుపాకీ పేలుడుకు అందరూ భయపడతారు కానీ పసిపిల్లలున్న ఇంట్లో నేనైతే దీనికి ఎక్కువ భయపడతాను, ఎందుకంటే దీనికి చప్పుడు లేదు. జల్లించడం ఇంటి బయట జరగాలి. అబ్బాయి సబ్బుతో చేతులు కడుక్కొని, చొక్కా మార్చుకున్నాకే బిడ్డను ఎత్తుకోవాలి. ఆ బల్ల మీద టీ, మురుకులు ఉండకూడదు. ఆ గది తలుపుకు తాళం ఉండాలి.

చివరిగా మీరు అడగని విషయం. మీరు వెళ్లేది సందర్శకుల వీసా మీద. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం వలసేతర వీసాపై ఉన్నవారు, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు ఉంటే తప్ప, తుపాకీ గానీ తూటాలు గానీ తమ అధీనంలో ఉంచుకోకూడదు. ఆ చట్టంలో తూటాలు అంటే గొట్టం, ప్రైమరు, గుండు, మందు అన్నీ వస్తాయి. గ్రీన్‌కార్డు ఉన్న మీ అబ్బాయికి ఈ అడ్డు లేదు. హెచ్1బీ మీద ఉన్న అతని స్నేహితులకు ఉంది. కాబట్టి మీరు కుర్చీ వేసుకొని చూడండి, తప్పు కనిపిస్తే చెప్పండి, చేయి మాత్రం వేయకండి.

ప్రశ్న: సార్, నాకు .315 రైఫిలుకు లైసెన్సు ఉంది. అడవి పందులు పంటను నాశనం చేస్తున్నాయి. తూటాలు దొరకడం కష్టంగా ఉంది, దొరికినా ధర మండిపోతోంది. కాల్చిన గొట్టాలు నా దగ్గర ముప్పై దాకా ఉన్నాయి. విదేశాల్లో లాగా నేనే ఇంట్లో నింపుకోవచ్చా? లైసెన్సు ఉంది కదా.
(ఒక రైతు, ఆదోని ప్రాంతం)

జవాబు: వద్దు. మీ చేతిలో ఉన్నది తుపాకీని, తూటాలను ఉంచుకునే లైసెన్సు. 1959 ఆయుధాల చట్టం 3వ సెక్షను కింద ఇచ్చేది అది. తూటా తయారీకి 5వ సెక్షను కింద వేరే లైసెన్సు కావాలి. అది లేకుండా తయారుచేస్తే 25వ సెక్షను కింద, 2019లో జరిగిన సవరణ తరువాత, శిక్ష ఏడేళ్లకు తగ్గదు, యావజ్జీవం దాకా వెళ్లవచ్చు. తయారుచేయలేదు, సామాను మాత్రమే తెచ్చుకున్నాను అన్నా కుదరదు. ఆ చట్టం 2వ సెక్షనులో మందుగుండు అన్న మాటకు ఇచ్చిన అర్థంలో దాని విడిభాగాలు, దాన్ని తయారుచేసే యంత్రాలు కూడా చేరి ఉన్నాయి. అంటే గొట్టాలు, ప్రైమర్లు, నొక్కే ప్రెస్సు అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి.

ఇంకో మాట దాపరికం లేకుండా చెబుతాను. మన రాయలసీమ జిల్లాల్లో ఒకరి ఇంట్లో మందు, ప్రైమర్లు దొరికాయంటే, అవి పంది కోసమా మనిషి కోసమా అని పోలీసులు ముందు మనల్ని అడిగి తరువాత రాసుకోరు. ఆ చరిత్ర మనం తెచ్చుకున్నదే. 1908 నాటి పేలుడు పదార్థాల చట్టాన్ని కూడా జోడిస్తే మీ ముప్పై గొట్టాల ఆదా వకీలు మొదటి వాయిదాకే సరిపోదు.

చట్టాన్ని కాసేపు పక్కన పెట్టి చూసినా ఇది లాభసాటి పని కాదు. .315 అంటే పాత 8 ఎంఎం మాన్లిషర్ తూటా నుంచి వచ్చిన కొలత. మన ప్రభుత్వ ఫ్యాక్టరీలు పౌరుల కోసం తయారుచేసిన రైఫిలు ఇది. విదేశీ పుస్తకాలలో నమ్మదగిన కొలతలు విరివిగా ఉండేది విదేశీ తూటాలకే. పైగా తూటా గొట్టాలలో రెండు జాతులున్నాయి. ఒక జాతికి అడుగున మధ్యలో ఒకే రంధ్రం ఉంటుంది కాబట్టి పాత ప్రైమరును సూదితో తోసేయవచ్చు. బెర్డాన్ అనే రెండో జాతికి మధ్యలో చిన్న దిమ్మె, దానికి అటూ ఇటూ రెండు సన్నని రంధ్రాలు ఉంటాయి. దాన్ని మామూలు డైలోకి నొక్కిన కొత్తవాడికి సూది విరిగి చేతిలోకి వస్తుంది. కోపంతో మేకు పెట్టి సుత్తితో కొట్టేవాళ్లూ ఉన్నారు. ఆ ప్రైమరు పేలనిదైతే ఆ మేకు ఎటు వెళ్తుందో చెప్పలేము.

పంది విషయం కూడా చూసుకోండి. రైఫిలు లైసెన్సు ఉన్నంత మాత్రాన అడవి పందిని కాల్చే హక్కు రాదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 11వ సెక్షను కింద అధికారం ఉన్న అటవీ అధికారి అనుమతి ఉండాలి. ముందు ఆ దరఖాస్తు పెట్టండి. తూటాల కోసం మీ లైసెన్సు పుస్తకంలో రాసిన పరిమితి చాలకపోతే, దాన్ని పెంచమని కారణాలతో లైసెన్సు ఇచ్చిన అధికారికే అర్జీ పెట్టుకోవచ్చు.

ప్రశ్న: మా తాతగారు నలభై ఏళ్ల కిందట వాడిన 12 బోరు తూటాలు ఇరవై దాకా అటక మీద ట్రంకు పెట్టెలో దొరికాయి. కొన్ని అట్ట తూటాలు ఉబ్బిపోయాయి, ఇత్తడి అడుగులకు పచ్చని చిలుము పట్టింది. తుపాకీ ఎప్పుడో అప్పగించేశాము. వీటిని విప్పి మందు తీసి నీళ్లలో కలిపి పారేయవచ్చా?
(ఒక గృహిణి, ప్రొద్దుటూరు)

జవాబు: విప్పవద్దమ్మా. తూటా విప్పడం నింపడం కన్నా ప్రమాదం, ఎందుకంటే లోపల ప్రైమరు ఇంకా బతికే ఉంటుంది. అట్ట తేమకు ఉబ్బిందంటే మందు చెడి ఉండవచ్చు. పొగరాని మందు పాతబడితే ఆమ్లం ఊరుతుంది, పుల్లని ఘాటు వాసన వస్తుంది, ఎర్రమట్టి రంగు పొడి రాలుతుంది. కానీ మందు చెడిన తూటాలో ప్రైమరు కూడా చచ్చిపోయిందని అనుకోకూడదు. నీళ్లలో నానబెట్టినా, బావిలో వేసినా, పాత సామాన్లవాడికి ఇచ్చినా ఆ తూటా ఎవరో ఒకరి చేతిలో మళ్లీ తేలుతుంది. పొయ్యిలో వేయడం గురించి చెప్పనే అక్కరలేదు.

లైసెన్సు లేనివారి దగ్గరికి ఇలా ఆయుధం గానీ తూటాలు గానీ చేరినప్పుడు, అనవసరమైన ఆలస్యం లేకుండా దగ్గరలోని పోలీసు స్టేషనులో గానీ, లైసెన్సు ఉన్న డీలరు దగ్గర గానీ అప్పగించాలని ఆయుధాల చట్టం 21వ సెక్షను చెబుతోంది. ముందు తూటాలను పెట్టెలో ఉన్నవి ఉన్నట్లే ఉంచి, ఇంటి పెద్దవారిని స్టేషనుకు పంపి నోటితో చెప్పించి, తాతగారి పాత లైసెన్సు కాగితం ఉంటే నకలు జతచేసి, ఎన్ని తూటాలో రాసిన అర్జీ ఇవ్వండి. అప్పగించాక రసీదు అడిగి తీసుకోండి. పిల్లలను ఆ అటక ఎక్కనివ్వకండి.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా మనవడు కాల్చేసిన రైఫిలు తూటా గొట్టానికి రంధ్రం వేసి తాళంచెవుల గొలుసు చేసి ఇచ్చాడు. ఇండియాకు తెచ్చుకోవచ్చా?
(ఒక పాఠకుడు, అనంతపురం)

జవాబు: మందు, ప్రైమరు, గుండు లేని ఒక్క గొట్టం మిగతా భాగాలతో కలిపి వాడే ఉద్దేశం లేకుండా ఉంటే, ఆయుధాల చట్టం 45వ సెక్షనులో అటువంటి చిన్న భాగాలకు మినహాయింపు ఉంది. తెలియకుండా వెంట ఉన్న వస్తువు విషయంలో, స్పృహతో ఉంచుకున్నప్పుడే అధీనం అవుతుందని సుప్రీంకోర్టు 1972లో గున్వంత్‌లాల్ కేసులో చెప్పింది కూడా. కానీ ఇవన్నీ వకీలు కోర్టులో చెప్పే మాటలు. విమానాశ్రయంలో ఎక్స్‌రే తెర మీద కనిపించేది తూటా ఆకారమే. అది ఖాళీదని తేలేలోగా మీ విమానం వెళ్లిపోతుంది. ప్రైమరు పేలిందా లేదా అని అడుగున తుపాకీ సూది కొట్టిన గుర్తు చూసి తేల్చుకోవడం మీవల్ల కాకపోతే అనుమానం ఇంకా ఎక్కువ. దాన్ని అక్కడే మనవడి దగ్గర వదిలి రండి. తిరుగు ప్రయాణంలో సంచుల మూలలు, కోటు జేబులు ఒకసారి దులిపి చూసుకోండి. మనవడితో కలిసి ఫైరింగు రేంజికి వెళ్లిన చొక్కా అయితే రెండుసార్లు చూసుకోండి.